ఒక్క సరుకు కట్టకి మారు

వన్ టౌన్, విశాఖపట్నం
1985 ఆగస్టు, ఆదివారం

బావా,

నీ గౌరి నమస్కారాలు అందుకో. ఇక్కడ నేనూ అత్తా కులాసా. పక్కవాటా మంగాయమ్మ గారు కూడా కులాసాయే, నాకు ఉత్తరం వచ్చిందంటే నాకంటే ముందు ఆవిడకే తెలుస్తోంది. బొంబాయి వానల్లో నువ్వు తడవకుండా, వేళకి తింటూ కులాసాగా ఉన్నావని మా ఆశ.

నీ ఉత్తరం పోయిన వారమే అందింది. జవాబు ఇంత ఆలస్యమైందని మూతి ముడుచుకోకు. ఈ వారం రోజులూ నా కాళ్ళు నేల మీద లేవు. ఎందుకో చెబుతాను గాని, ముందు నువ్వడిగిన వాటికి జవాబులు రాసేస్తాను, లేకపోతే నేను చెప్పేది నీ బుర్రకెక్కదు.

అత్త మోకాలు నయం. నువ్వు పంపిన తైలం రాసుకోమంటే వాసన పడదంటుంది, నేను పడుకున్నాక చాటుగా రాసుకుంటుంది. వంటింటి కప్పు కారడం మానింది, ఇంటివాళ్ళు ఎట్టకేలకు పెంకులు మార్పించారు. తగరపువలస నుంచి మా నాన్న వచ్చి బస్తా బియ్యం ఇచ్చి వెళ్ళాడు. అల్లుడు చిక్కిపోయి ఉంటాడని బెంగ పెట్టుకున్నాడు. నేను చిక్కానో లేదో మాత్రం అడగలేదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. మీ ఓడల మరమ్మతు కంపెనీ నీకు రెండు గదుల క్వార్టర్స్ ఇచ్చిందనీ, నేను ఉద్యోగం మానేసి అత్తని తీసుకుని ఎప్పుడు బయలుదేరుతున్నానో రాయమనీ అడిగావు. దానికి జవాబు ఈ ఉత్తరం చివర ఉంది. గబుక్కున పేజీ తిప్పావంటే ఒట్టే. మధ్యలో ఉన్నదంతా చదివితేనే ఆ జవాబు నీకు అర్థమవుతుంది.

నువ్వు వెళ్ళేటప్పటికి నేను మా కంప్యూటరు బ్యూరోలో టైపు కొట్టే అమ్మాయిని. ఇప్పుడూ అదే మెట్లెక్కుతున్నాను, కింద అదే ఎండుమిరప హోల్‌సేల్ కొట్టు, పైకొచ్చేసరికి అవే నాలుగు తుమ్ములు. కాని ఇప్పుడు నా పని వేరు. ఓడల ఏజెంట్లకి ఏ ఓడ ఎప్పుడు వస్తుంది, ఎంత పొడుగు, ఏం సరుకు మోస్తోంది అనే లెక్కలన్నీ మా కంప్యూటరు చూస్తుంది కదా. ఆ కంప్యూటరుకి పని చెప్పడానికి ఒక భాష కావాలి. ఉన్న భాషలు ఏజెంట్ల గుమస్తాలకి కొరుకుడు పడడం లేదు. అందుకని మా యజమాని రమణమూర్తి గారు, ఓడల పనికి సరిపోయే చిన్న భాష మనమే తయారు చేద్దామన్నారు. మద్రాసులో చదువుకొచ్చిన అర్జునరావు గారికీ నాకూ అప్పగించారు. నా బియ్యెస్సీ లెక్కలు ఇన్నాళ్ళకి ఎవరికో గుర్తొచ్చాయి బావా.

అయితే ఆయన ఒక మెలిక పెట్టారు. మొన్న శుక్రవారం ఏజెంట్లందరినీ పిలిచి మా భాష చూపించాలన్నారు. వాళ్ళకి నచ్చితే మేం కొనసాగుతాం. నచ్చకపోతే బయటి నుంచి తయారు ప్రోగ్రాములు కొని తెస్తారు, నేను మళ్ళీ టైపుకి పోవాలి. ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. నువ్వు రమ్మన్న ఉత్తరం కూడా సరిగ్గా ఆ సాయంత్రమే అందింది. ఒకపక్క నువ్వు, ఒకపక్క శుక్రవారం. ఉత్తరం దిండు కింద పెట్టుకుని, శుక్రవారం సంగతి తేలాక జవాబు రాద్దామనుకున్నాను.

భాషలో నా వంతుకి వచ్చిన పని వింటే ఇంతేనా అంటావు. ఇంతకుముందు ఓడల పేర్లన్నీ ఒక వరసలో, పొడుగులన్నీ ఒక వరసలో, సరుకులన్నీ ఇంకో వరసలో ఉండేవి. ఒక వరసలో ఒక్కటి జారిందా, బొగ్గు తెచ్చే ఓడకి గోధుమలు అంటుకునేవి. అలా కాకుండా ఒక ఓడవన్నీ ఒకచోట కట్టి ఉంచాలి. వరస కూడా తప్పకూడదు, ముందు పేరు, తర్వాత పొడుగు, ఆ తర్వాత సరుకులు. పుస్తకాల్లో దీన్ని టపుల్ అంటారు. మేం కట్ట అంటున్నాం. ఆ కట్టని గుమస్తా చేత్తో ఎలా రాయాలి, కంప్యూటరు దాన్ని ఎలా చదవాలి, అదీ నా పని.

నేను తేలిగ్గానే మొదలుపెట్టాను. రెండు బ్రాకెట్లు, మధ్యలో కామాలు. ఒక ఓడ బొగ్గూ గోధుమలూ తెస్తే సరుకుల చోట (బొగ్గు, గోధుమలు) అని లోపల ఇంకో చిన్న కట్ట రాస్తే చాలు. ఎవరికైనా అర్థమవుతుంది. అర్జునరావు గారు కూడా బాగుందన్నారు, ఆయన నోట ఆ మాట రావడమే గగనం.

తీరా చూస్తే మన విశాఖపట్నం ఓడే నన్ను ముంచింది. ఇక్కడికి వచ్చేవాటిలో సగం ఓడలు ఇనుపఖనిజం కోసమే వస్తాయి కదా, ఇంకే సరుకూ ఉండదు. రేవు గుమస్తాలు దాన్ని ఓర్ అంటారు. సరే, (ఓర్) అని రాశాం. కంప్యూటరుకి అది కట్టలా కనపడలేదు. లెక్కల్లో కూడా బ్రాకెట్లు వాడతాం కదా, ఏడుని బ్రాకెట్లో పెట్టినా ఏడే. అలాగే ఇదీ వట్టి ఓర్ అనే మాట అనుకుంది. ఈ కట్టలో మొదటి సరుకేమిటని అడిగితే, ఆ ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరం తీసి చేతిలో పెట్టింది. ప్రింటరు మీద ఓడ పేరు, దాని ఎదురుగా సరుకు, ఓ. అంతే. వరసగా ఖనిజం ఓడలన్నీ ఓ మోసుకుపోతున్నాయి. టైపు చేసే సీతాలు అది చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక్క సరుకే ఉంటే కట్ట కట్టొద్దు, ఉత్తగా రాయమనండి, అన్నారు రమణమూర్తి గారు. అలా చేస్తే ప్రతిచోటా ఇది ఒకటా, ఎక్కువా అని కంప్యూటరు చేత అడిగించాలి, ఒక్కచోట అడగడం మర్చిపోయామా మళ్ళీ ఓ వస్తుంది. చదరపు బ్రాకెట్లు వాడదామన్నారు అర్జునరావు గారు. మా ప్రింటరుకి ఆ అచ్చులే లేవు. కట్ట అనే మాటే ముందు రాయించాలా అని నేనన్నాను, ఇంత బారు రాయడానికి ఏజెంట్లు మన దగ్గరికెందుకు వస్తారని ఇద్దరూ నన్ను కసిరారు. ఒక్కదాన్ని కట్టడం ఇంత కష్టమని నాకేం తెలుసు బావా.

పోయిన ఆదివారం అర్జునరావు గారు మనింటికి భోజనానికి వచ్చారు. వాళ్ళావిడ పుట్టింటికి వెళ్ళింది, హోటలు తిండితో నోరు చచ్చిపోయిందంటే నేనే రమ్మన్నాను. అత్త వంజరం చేప పులుసు పెట్టింది. ఆయన సుష్టుగా తిని, చాలండీ అంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు. అత్త వదులుతుందా.

"మారెయ్యకుండా లెగిసిపోతావేటి బాబూ? చెయ్యి తియ్యి, నాలుగు మెతుకులే."

మన ఇళ్ళల్లో ఒకసారి వడ్డించి ఊరుకుంటే అది భోజనం కిందే లెక్క కాదు కదా. కడుపు పగిలేలా తిన్నా సరే, రెండోసారి గరిటె తాకాలి. అత్త నిజంగానే నాలుగు మెతుకులు రాల్చి, తృప్తిగా గిన్నె తీసుకుపోయింది. నేను ఆ మెతుకుల వంకే చూస్తున్నాను. అవి ఆకలికి వేసినవి కావు. ఆయన తింటారని కూడా కాదు. ఇది భోజనం, ఊరికే రుచి చూడడం కాదు అని చెప్పడానికి వేసినవి.

నా చేతిలో పెరుగన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. ఓర్ తర్వాత ఒక కామా పెడితే సరి! దాని వెనక ఇంకేమీ అక్కర్లేదు. (ఓర్,) అని రాస్తే అది వట్టి మాట కాదు, ఒక్క సరుకున్న కట్ట. లెక్కల్లో ఎవరూ అలా కామా పెట్టి బ్రాకెట్టు మూయరు, కాబట్టి తికమక లేదు. ఆ మాట గట్టిగా అనేశాను. ఎంగిలి చేత్తో నేల మీద రాసి చూపించబోతే అత్త తొడ మీద ఒకటిచ్చింది.

అర్జునరావు గారు వెంటనే ఒప్పుకుంటే ఆయన అర్జునరావు ఎందుకవుతారు? కామా పెట్టి ఊరుకుంటే ఇంకా ఏదో రాబోతోందని చదివేవాడు ఎదురుచూస్తాడు, చూడ్డానికి సగంలో వదిలేసినట్టు ఉంటుంది, అన్నారు. మీరు మాత్రం మారు వేశాక వెనక ఇంకేదో వస్తుందని ఎదురుచూశారా అన్నాను. ఆయన నవ్వి, మారు వేసిన ఆ నాలుగు మెతుకులూ తినేసి లేచారు. మర్నాడు పొద్దున్న ఆ కామాని భాషలోకి ఎక్కించేశాం. ఖనిజం ఓడలన్నీ ఒక్క దెబ్బతో దారికొచ్చాయి. ఆ రోజు మిరపకాయల ఘాటు కూడా నాకు తెలియలేదు.

ఇక్కడితో అయిపోతే ఇది ఉత్తరమే కాదు. అసలు గండం గురువారం వచ్చింది.

మర్నాడు చూపించడానికి ఓడల జాబితా అంతా సీతాలు, మిగతా అమ్మాయిలు కలిసి టైపు చేశారు. ఒక్క సరుకుంటే వెనక కామా పెట్టాలని నేనే కూర్చోబెట్టి నేర్పాను. నిజం చెప్పాలంటే నియమంలా చెబితే మర్చిపోతారని, మారు వడ్డన కథంతా చెప్పి మరీ నేర్పాను. వాళ్ళూ ముచ్చటపడి విన్నారు. గురువారం మధ్యాహ్నం జాబితా మొత్తం కంప్యూటరుకి ఇచ్చాం. ప్రింటరు మొదలుపెట్టింది చూడు, తప్పు, తప్పు, తప్పు అని గజాల కొద్దీ కాగితం కక్కుతూనే ఉంది.  రమణమూర్తి గారు గుమ్మంలో నిలబడి ఆ కాగితం కింద పడుతుంటే చూస్తున్నారు.  తిడితే బాగుండేది.

తీసి చూస్తే సంగతి తెలిసింది. అమ్మాయిలు ఒక్క సరుకున్న కట్టలకే కాదు, అన్నిటికీ వెనక కామా పెట్టేశారు. (బొగ్గు, గోధుమలు,) అని. మూడున్నా, నాలుగున్నా అంతే. నేను రాసిన నియమం ప్రకారం రెండూ అంతకు మించీ ఉన్నచోట ఆఖరి కామా తప్పు. అర్జునరావు గారు మండిపడ్డారు. ఇంత చిన్న నియమం గుర్తుపెట్టుకోలేరా, మళ్ళీ అంతా కొట్టించండి, అన్నారు. మళ్ళీ కొట్టడానికి వేళ ఎక్కడుంది? సీతాలు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా తగ్గలేదు.

"మారు అందరికీ ఏత్తారు కదక్కా. ఒక్క ముద్ద తిన్నోడికేనేటి?"

 వాళ్ళు తప్పు చెయ్యలేదు బావా. నేను చెప్పిన కథని నాకంటే సరిగ్గా పట్టుకున్నారు. మన విస్తట్లో ఎంత తిన్నవాడికైనా మారు వేస్తాం కదా. కథ అందరికీ వర్తించేది చెప్పి, నియమం ఒక్కరికే రాశాను నేను. ఇలాంటి తప్పు మారు వడ్డించే ఇళ్ళల్లో పుట్టిన ఆడపిల్లలు తప్ప ఇంకెవరూ చెయ్యరేమో.

మరైతే అన్నిచోట్లా ఆఖరి కామా ఉంటే ఏం పోయింది? కాగితం తీసి మళ్ళీ మొదటి నుంచి చూశాను. ఒక్కటి ఉన్నచోట కామా తప్పనిసరి. అంతకంటే ఎక్కువ ఉన్నచోట పెట్టినా సరే, మానినా సరే. ఎక్కడా ఏదీ చెడిపోలేదు. పైగా ఇంకో మేలు కనపడింది. ఓడ రేవుకి వచ్చాక ఇంకో సరుకు కలిసిందనుకో, గుమస్తా వెనక్కి వెళ్ళి కామా దిద్దక్కర్లేదు, ఆ కామా వెనక కొత్త సరుకు రాసి కామా పెడితే చాలు. ఇది చెప్పేసరికి అర్జునరావు గారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. అరిచిన మనిషే సీతాలుకి టీ కూడా తెప్పించారు.

భాషలో మార్చాల్సింది ఒక్క వరసే. మార్చి, అదే జాబితా, ఒక్క అక్షరం ముట్టుకోకుండా, మళ్ళీ ఇచ్చాం. ప్రింటరు ఒక్క తప్పూ చూపించలేదు. అమ్మాయిలందరూ ఒక్కసారి కేకేశారు, కింద మిరప కొట్టువాళ్ళు ఏమైందో అని పైకి వచ్చారు. ఒక గడుసుపిల్ల అసలు ఏమీ లేకుండా బ్రాకెట్ల మధ్య కామా ఒక్కటే పెడితే ఏమవుతుందని అడిగింది. ఇంటికొచ్చి అత్తకి చెబితే, అన్నమే ఎయ్యకుండా మారేటి అని విసుక్కుంది. మర్నాడు పొద్దున్నే అదే నియమం ఖాయం చేశాం. ఖాళీ కట్టకి వట్టి బ్రాకెట్లే.

శుక్రవారం ఏజెంట్లు వచ్చారు. ఏసీ గదిలోకి చెప్పులు విడిచి రమ్మంటే, గుడిలోకి వచ్చినట్టు చేతులు కట్టుకుని వచ్చారు. కాసేపటికి ఆ బెరుకు పోయింది. రేపు బొగ్గు దింపే ఓడలేవి, రెండు సరుకులున్న ఓడలేవి అని తలా ఒకటి అడగడం, నేను వాళ్ళ ముందే ఒక్క వరసలో రాయడం, జవాబు రావడం. వాళ్ళలో పెద్దాయన ఒకరు, గట్టి పిండం, నన్ను ఇరికిద్దామని దింపేదీ ఎక్కించేదీ ఏ సరుకూ లేకుండా ఉత్తగా వస్తున్న ఓడ గురించి అడిగారు. వట్టి బ్రాకెట్ల కట్ట ఇచ్చాను. సరుకు లేదు, అని జవాబు వచ్చింది. ఆయన నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడి, నేను రాస్తుంటే చూసి, మా గుమస్తా ఇది రాయగలడా అని అడిగారు. మీరే రాయండి అని లేచి కుర్చీ ఇచ్చాను. ఆయన రెండు వేళ్ళతో వెతుక్కుంటూ తన ఓడ కట్ట తానే రాసుకున్నారు. ఆఖరి కామా కూడా మర్చిపోలేదు. వెళ్ళేటప్పుడు మా భాషే కావాలని రమణమూర్తి గారికి అందరూ మాటిచ్చి వెళ్ళారు.

బావా, ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే నాకు ఎగరాలనిపించింది. ఎవరికి చెప్పను? కోటవీధి మలుపులో నువ్వు సైకిలు పట్టుకుని నిలబడేవాడివే, అక్కడికి వచ్చి ఆగిపోయాను. సంతోషంతోనో, నువ్వు లేవనో, ఎందుకో తెలీదు, వీధిలోనే ఏడ్చేశాను.

ఇక నీ ప్రశ్నకి జవాబు. ఇప్పటికైనా చదవడం ఆపి మంచినీళ్ళు తాగు.

నిన్న శనివారం రమణమూర్తి గారు నన్ను పిలిచి, ఉక్కు ఫ్యాక్టరీ పనులు చేసే కాంట్రాక్టరు ఒకాయన తన సామాను లెక్కలకి కూడా మన భాషే అడుగుతున్నాడు, నువ్వూ అర్జునరావూ కలిసి దీన్ని పెంచండి, నీ ఉద్యోగం పర్మినెంటు చేస్తాను, ఉంటావా వెళ్ళిపోతావా ఇప్పుడే చెప్పమ్మా, అన్నారు. నువ్వు రమ్మన్న సంగతి ఆయనకి తెలుసు. మా ఆయనకి రాసి చెబుతానండీ అనాలి. నోటి చివరిదాకా వచ్చింది. కాని ఉంటానండీ అనేశాను. నీకు రాయకుండా, అత్తని అడగకుండా, ఒప్పేసుకున్నాను.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. కూర తరుగుతున్నదల్లా కత్తిపీట పక్కకి నెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను.

"ఆడు నా కొడుకు, నువ్వు నా తమ్ముడి కూతురివి. నానెవరి పక్క సెప్పీది? ఆడికి దాసకుండా రాసీ. పైన నాను కూడా రానని రాయి."

అందుకని దాచకుండా రాస్తున్నాను. నేను బొంబాయి రాను బావా. నీ మీద ప్రేమ లేక కాదు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే ఇప్పటికీ నువ్వే అనుకుంటాను. అక్కడ రెండు గదుల్లో నీకు వండిపెడుతూ సుఖంగానే ఉంటాను, అదీ తెలుసు. కాని కొన్నాళ్ళకి, ఇక్కడ నా కట్టల్ని ఇంకెవరో పెంచుతున్నారని తలచుకుని నీ మీద విసుక్కుంటాను. అది నీకు ముందే చెప్పడం మంచిది. రెండేళ్ళ క్రితం ఇక్కడ కాంట్రాక్టు పనులు తప్ప నిలకడైన ఉద్యోగం దొరక్కే నువ్వు వెళ్ళావు. అక్కడ దొరికిన పర్మినెంటు ఉద్యోగం వదులుకోమనడం ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. అప్పుడు మనిద్దరిలో ఎవరికీ నిలకడ లేదు. ఇప్పుడు నాకుంది. దాని మీద ఆనుకుని నువ్వు నింపాదిగా వెతుక్కోవచ్చు.

మొగుడి వెనక పెళ్ళాం వెళ్ళడమే లోకంలో ఉన్న పద్ధతి. మీవాళ్ళు, మావాళ్ళు, నీ స్నేహితులు ఏమంటారో అదంతా నాకు వినబడుతూనే ఉంది. నీకు కోపం వస్తే కోపంగానే రాయి, రాయడం మాత్రం మానకు. చిన్నప్పటి నుంచీ నువ్వు ఎక్కడికి పోతే అక్కడికి నీ వెనకే వచ్చాను, ఒక్కసారి కూడా నిన్ను నా వెంట రమ్మనలేదు. ఇప్పుడు రమ్మంటున్నాను. ఓడలు ఇక్కడ కూడా పాడవుతాయి బావా. నువ్వే వచ్చెయ్.

ఇట్లు,
ముందు నీ మరదలు, ఆ తర్వాతే నీ భార్య,
గౌరీశ్వరి